చిగుళ్ళ కొండ కింద రైలు

జూన్ 2

ఈరోజు రైలు కొన్నాను.

ఈ వాక్యం రాస్తుంటేనే ఒళ్ళు పులకరిస్తోంది. ఎర్ర ఇంజను, మూడు పెట్టెలు, పట్టాల ముక్కలు, తిప్పడానికి ఓ మీట. బొమ్మల కొట్టు ఆయన "ఎవరికండీ?" అన్నాడు. "మనవరాలికి" అన్నాను. అరవై ఆరేళ్ళ మనిషి తనకోసం రైలు కొనుక్కుంటున్నానని చెప్తే లోకం ఊరుకుంటుందా?

ఇంటికొచ్చి పెట్టె విప్పాను. మా ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసింది. మనవరాలికేనని తనకీ చెప్పాను.

"అది రైలు కూత వింటే చెవులు మూసుకుంటుంది కదండీ?"

"అందుకే. మెల్లగా అలవాటు చేద్దామని."

"ఓహో" అంది. ఆ ఓహోలో నలభై ఏళ్ళ కాపురం ఉంది.

అయినా మంచి మనిషి. కిటికీ దగ్గరున్న తన కటింగ్ టేబులు నాకిచ్చేసింది. దాని మీద ముప్పై ఏళ్ళు స్కూలు పిల్లల యూనిఫాంలు కత్తిరించింది. మోకాళ్ళు మొరాయించాక మిషనుకి ముసుగేసింది, టేబులు పాత పేపర్ల పాలైంది. సొరుగు ఖాళీ చేస్తూ వంపు స్కేలు మేకుకి తగిలించింది, సుద్దముక్కలు డబ్బాలో వేసింది, సూదులు లెక్కపెట్టింది. లెక్కపెట్టినప్పుడల్లా వచ్చే పాత పాటే మళ్ళీ మొదలైంది.

"మిషనుతో పాటు వచ్చిన మొదటి సూదండీ. వెన్నలో దిగినట్టు దిగేది. పన్నెండేళ్ళయింది పోయి. ఇంట్లోంచి ఎక్కడికి పోతుంది చెప్పండి? ఎవడి చేతులు విరగ్గొట్టాలో!"

నేను పట్టాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

జూన్ 4

డాక్టరు దగ్గరకి మళ్ళీ వెళ్ళొచ్చాను. చేతివేళ్ళతో చిన్న చిన్న పనులు చేస్తూ ఉండమన్నాడు. ఇంకా ఏదో చెప్పాడు. వాళ్ళు చెప్పేవన్నీ రాయడానికి ఈ పుస్తకం చాలదు.

సరే, ఇక్కడైనా ఒకసారి రాసి పారేస్తాను. కుడిచెయ్యి వణుకుతోంది. నలభై ఏళ్ళు పళ్ళ సెట్లు చేసిన చెయ్యి. పోయిన నెల మా పళ్ళ సెట్ల దుకాణంలో ఒక ముందు పన్ను మైనంలో నిలబెట్టబోతే మూడుసార్లు పక్కకి వాలింది. కోడలు చూసేలోపు సర్దేసి, "నాకు విసుగ్గా ఉందమ్మా, మూడు నెలలు సెలవు" అన్నాను. పదేళ్ళుగా నా పక్కన కూర్చుని పని నేర్చుకున్న పిల్ల, దుకాణం తనే చూసుకుంటోంది. సెప్టెంబరు ఒకటిన వస్తానని మాటిచ్చాను. అప్పటికి చెయ్యి కుదురుకోవాలి. పట్టాలు తిన్నగా వెయ్యగలిగితే పళ్ళూ తిన్నగా నిలబెట్టగలను. రైలు కొన్నది అందుకు.

ఇంట్లో ఆవిడకి చెప్పలేదు. వట్టి కంగారు మనిషి.

జూన్ 9

పట్టాలు వేశాను. ఇంజను బయల్దేరింది, గోడ పక్క మలుపు చక్కగా తిరిగింది. కిటికీ పక్క మలుపులో పక్కకి ఒరిగి పడిపోయింది. ఏడుసార్లు.

టేబులు కాలు పొట్టిది. కాగితం మడిచి కింద పెట్టాను.

జూన్ 10

పడింది.

జూన్ 11

పడింది. కాగితం తీసేశాను. టేబుల్ని అనవసరంగా అనుమానించాను. కిటికీలోంచి గాలి వస్తోంది, అదీ సంగతి.

జూన్ 12

కిటికీ మూశాను. ఉక్కపోత. పడింది.

ఈమధ్య ఆవిడ టీ సగం కప్పే పోస్తోంది. సాసరు కూడా ఇవ్వడం మానేసింది. వయసు మీదపడ్డాక పిసినారితనం పెరుగుతుందంటారు, నిజమే కాబోలు.

జూన్ 16

పట్టాల సంగతి తర్వాత చూద్దామని కొండ మొదలుపెట్టాను. రైలన్నాక కొండ ఉండాలి, కొండన్నాక సొరంగం ఉండాలి. దుకాణంలో మిగిలిన ప్లాస్టరు తెచ్చి కలిపాను. ఆ పని నిద్రలో కూడా చేస్తాను. పైన నున్నగా రావాలని మైనం పొర కప్పాను. అంచున పెరట్లోని తెల్ల గులకరాళ్ళు గుచ్చాను. వెనక్కి జరిగి చూసుకుంటే కడుపు నిండిపోయింది.

సాయంత్రం కోడలు వచ్చింది. కొండ దగ్గర ఆగిపోయింది. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి.

"ఏంటమ్మా?"

"మావయ్యా... రాళ్ళెన్ని పెట్టారు?"

"ఏమో, తోచినన్ని."

"పద్నాలుగు. మధ్యలో రెండు పెద్దవి. పక్కన కోరలు కూడా ఉన్నాయి."

చూద్దును కదా, పై పళ్ళ సెట్టు! దుకాణం మైనం గులాబీ రంగు. అది నాకు రంగులా ఎప్పుడూ కనిపించదు, మైనం అంటే అలాగే ఉంటుంది. అచ్చం చిగుళ్ళు, వాటి మధ్య నోరు తెరుచుకుని సొరంగం. వంటింట్లోంచి వచ్చిన ఆవిడ "అయ్యో, రైలుని మింగేస్తుందండీ!" అని కుర్చీలో కూలబడి నవ్వింది. మోకాళ్ళు పట్టుకుని మరీ నవ్వింది. చాలా రోజులైంది ఆవిడ అలా నవ్వి.

ఆకుపచ్చ రంగు వేద్దామనుకున్నాను కానీ వదిలేశాను. ఉండనీ.

జూన్ 22

పెట్టెల కిటికీలకి పసుపు అంచులు వెయ్యాలని కూర్చున్నాను. ఒక్కటీ తిన్నగా రాలేదు. రంగు కిందకి కారి పెట్టె మొత్తం కామెర్లొచ్చినట్టు తయారైంది. కుంచె విసిరికొట్టి పడుకున్నాను. రైలూ వద్దు, ఏమీ వద్దు. రేపు అట్టపెట్టెలో పెట్టి అటకెక్కించేస్తాను.

జూన్ 23

పొద్దున నడక నుంచి వచ్చి అట్టపెట్టె తీసుకుని టేబులు దగ్గరకి వెళ్ళాను. ఏమని రాయను! కిటికీల అంచులు గీత గీసినట్టున్నాయి. పన్నెండు కిటికీల్లో ఒక్కదానికీ వంక లేదు. నిన్న వెలుతురు చాలక నాకు అలా కనిపించి ఉంటుంది. రంగు ఆరాక సర్దుకుంటుందని కూడా ఎక్కడో విన్నాను.

ఆవిడ వేళ్ళకి పసుపురంగు ఉంది. ఏంటని అడిగితే "గుమ్మడికాయ తరిగానండీ" అంది. మధ్యాహ్నం భోజనంలో గుమ్మడికాయ కనపడలేదు. వంటింట్లోనే తినేసి ఉంటుంది.

జూన్ 30

కిటికీ మలుపు ఊడదీసి మళ్ళీ వేశాను. మూడు గంటలు పట్టింది. ఇంజను పరీక్షించే ఓపిక లేక భోంచేసి కునుకు తీశాను. నాలుగింటికి లేచి మీట తిప్పాను.

తిరిగింది!

కిటికీ మలుపు తిరిగి, సొరంగంలో దూరి, చిగుళ్ళ కిందనుంచి బయటికొచ్చి మళ్ళీ తిరిగింది. నలభై చుట్లు లెక్కపెట్టాను. "ఏమే, ఇలా రా!" అని కేకేశాను. వచ్చి నిలబడి చూసింది. "మీ చేతిలో పనితనం ఎక్కడికి పోతుందండీ" అంది. చీర కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది.

చెయ్యి బాగుపడుతోంది. ఆ డాక్టరు ఉత్త భయస్తుడు.

జూలై 8

స్టేషను కట్టాను. పొద్దున వంకరగా అనిపించింది, సాయంత్రానికి తిన్నగా ఉంది. ఇదివరకు ఇంత బాగా చేసేవాడిని కాదు, నిజం చెప్పాలంటే. ఏ పనైనా నా కళ్ళకి మొదట వంకరగా కనిపించడం, తర్వాత సర్దుకోవడం జరుగుతోంది. కళ్ళు చూపించుకోవాలి. లోపం చేతిలో లేదు, కళ్ళలో ఉంది.

జూలై 15

ఈల మాస్టారు వచ్చారు. స్కూల్లో డ్రిల్లు చెప్పి రిటైరైన మనిషి. ఏ పాటైనా ఈల మీద పలికిస్తారు, అందుకే ఆ పేరు. పళ్ళన్నీ పోయాక ఈలా పోయిందని మంచం పట్టబోతే, నేనే ఓ సెట్టు చేసిచ్చాను. ముందు పళ్ళు రెంటి మధ్య ఒక సందు వదిలాను. ఎంత వదలాలో తెలుసుకోవడానికి రెండు నెలలు పట్టింది. వెంట్రుక ఎక్కువైతే బుస్సుమంటుంది, తక్కువైతే గాలి పోదు. ఆ కొలత నేను ఎవరికీ చెప్పలేదు, కోడలికి కూడా.

నిన్న పళ్ళు కడుగుతుంటే సెట్టు జారి విరిగిందట. ఒక ముక్క తూములోకి పోయింది. బోసినోటితో ఆయన్ని చూస్తే నా ప్రాణం చివుక్కుమంది.

"ఆగస్టు ఇరవైన పాత విద్యార్థులంతా కలుస్తున్నారయ్యా. ప్రతి ఏడాదీ ఈల వేస్తాను కదా. మీ కోడలు తను చేస్తానంది. బంగారంలాంటి పిల్లే, కాదనను. కానీ ఈ నోరు నీ చేతికి అలవాటు పడింది."

"నేనే చేస్తాను మాస్టారూ. ఆగస్టు ఒకటిన దుకాణానికి వస్తాను. సెలవు చాలు."

వంటింట్లో గిన్నె కింద పడింది.

జూలై 16

ఆవిడకి ఏమైందో తెలియదు. "ఇంకొన్నాళ్ళు ఆగచ్చు కదండీ. మాస్టారి సెట్టు పిల్ల చేస్తుంది, మీరు పక్కన కూర్చుని చెప్పండి" అంది.

"నేను బతికుండగా నా పని ఇంకొకళ్ళు చెయ్యాలా?"

"అది కాదండీ..."

"ఏది కాదు? రైలు చూశావుగా, స్టేషను చూశావుగా! ఇంతకంటే రుజువేం కావాలి?"

ఏదో చెప్పబోయింది. అంతలోనే లోపలికి వెళ్ళిపోయింది. నాకు ముక్కుమీద కోపం, ఒప్పుకుంటాను. కానీ మనిషి బాగుపడితే సంతోషించాలి కదా?

జూలై 17

మాటల్లేవు. టీ ఉంది. సగం కప్పే.

జూలై 26

మాటలు మొదలయ్యాయి. వాతావరణం గురించి.

జూలై 29

కిటికీ వైపునుంచి రెండో లైను తీద్దామని ఆ మలుపు పట్టాలు మొత్తం ఎత్తాను.

కింద టేబులు మీద నీలం సుద్ద గీత ఉంది.

జూలై 29, మళ్ళీ

ఇందాక రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తాను.

గీత నేను గియ్యలేదు. నా దగ్గర పెన్సిలే ఉంది, సుద్ద లేదు. తీగలా వంగిన గీత, మధ్యమధ్య చిన్న అడ్డగీతలు. కుట్టు దగ్గర రెండు ముక్కలు కలవడానికి అలా గుర్తులు పెడతారు. లేచి వెళ్ళి మేకుకున్న వంపు స్కేలు తెచ్చి గీత మీద పెట్టాను. అతికినట్టు సరిపోయింది. చొక్కాకి చంక దగ్గర వంపు తియ్యడానికి వాడే స్కేలు అది. నా రైలు నెలరోజులుగా చంక వంపులో తిరుగుతోంది.

మరి కిటికీల అంచులు? స్టేషను? గుమ్మడికాయ?

నేనెంత వెర్రివాణ్ణి.

జూలై 30

కోపం వచ్చింది. పొద్దంతా వచ్చింది. నా చెవిలో పువ్వు పెట్టి ఆడిస్తుందా? అడిగేద్దామని పదిసార్లు వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను. అడిగితే ఏం చెప్తుందో తెలుసు కాబట్టి పదిసార్లూ మంచినీళ్ళు తాగి వచ్చేశాను. సాయంత్రం ఎత్తిన పట్టాలు మళ్ళీ పరిచి, రెండో లైను కూడా వేశాను.

జూలై 31

పొద్దున నడకకి బయల్దేరినట్టే బయల్దేరి, వీధి చివర నుంచి వెనక్కి వచ్చాను. చెప్పులు చేత్తో పట్టుకుని నా ఇంట్లోకి నేనే దొంగలా దూరాను.

ఆవిడ టేబులు దగ్గర నిలబడి ఉంది. మోకాళ్ళు నొప్పని పది నిమిషాలు నిలబడదు, అలాంటిది ఒక కాలి మీద బరువు వేసి, రెండో కాలు స్టూలు మీద పెట్టి, ముందుకి వంగి నేను నిన్న వేసిన రెండో లైను సరిచేస్తోంది. పళ్ళ మధ్య నాలుక. చిన్నపిల్లల కాలర్లు కుట్టేటప్పుడు కూడా అలాగే పెట్టేది. ఇంజనుతో మాట్లాడుతోంది.

"పడకు తల్లీ. నువ్వు పడితే ఆయన మొహం ఇంతయిపోతుంది. నా వల్ల కాదు చూడటం."

వచ్చినంత మెల్లగా వెళ్ళిపోయాను. పార్కులో బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. ఒకాయన ఆగి "ఏమైందండీ?" అంటే "పంటి నొప్పి" అన్నాను. నా వృత్తికే అవమానం.

ఆమెకి ఎప్పటి నుంచి తెలుసో. నాకెప్పటి నుంచి తెలుసో కూడా అడగాల్సిందే కదా. కళ్ళ లోపమట! రాసిన చేతికైనా సిగ్గుండాలి.

ఆగస్టు 1

మాటిచ్చాను కాబట్టి దుకాణానికి వెళ్ళాను. మాస్టారి నోటి అచ్చు సిద్ధంగా ఉంది. కోడలు నా కుర్చీ తుడిచి పెట్టింది. మైనం కత్తి పట్టుకుని ముందు పన్ను నిలబెట్టాను. వాలింది. మళ్ళీ నిలబెట్టాను. వాలింది. మూడోసారి జారి నేల మీద పడింది. ఇద్దరం వంగి వెతికాం. బల్ల కింద ఆ పిల్ల నా మొహంలోకి చూసింది.

"మావయ్యా, మే నెలలోనే చూశాను. మీరు చెప్తారని ఆగాను."

అంటే ఊరందరికీ తెలుసు. నాకొక్కడికే తెలియదు.

"ఈ కుర్చీలో కూర్చోమ్మా" అన్నాను. లేచాను. లేవడం అంత కష్టమవుతుందనుకోలేదు. నలభై ఏళ్ళ కుర్చీ. తాళాలు తీసి బల్ల మీద పెట్టాను. ఆ పిల్ల వద్దంది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది, అయినా తీసుకుంది.

"మధ్య సందు ఎంత వదలాలి మావయ్యా? పాత సెట్టులో ఆ ముక్కే పోయింది."

జేబులోంచి చిన్న గాజు సీసా తీశాను. పన్నెండేళ్ళుగా నా బల్ల సొరుగులో తాళం వేసి దాచిన సీసా. పొద్దున్నే తీసి జేబులో వేసుకున్నాను. అందులో కుట్టుమిషను సూది ఒకటి ఉంది.

"రెండు పళ్ళ మధ్య ఇది నిలబెట్టి మైనం పొయ్యి. తర్వాత లాగెయ్యి. వేరే సూదులు చాలా చూశాను, ఏదీ కుదరలేదు. దీని మందం దీనిదే."

"ఇది అత్తయ్యది కదూ?"

"నీ పని నువ్వు చూసుకో."

ఆగస్టు 4

మాస్టారి సెట్టు మైనంలో తయారైంది. పక్కన కూర్చుని చూశాను. నా కంటే బాగా చేసింది. ఇది రాయడానికి పొద్దున్నుంచి తటపటాయిస్తున్నాను. రాసేశాను. నా కంటే బాగా చేసింది.

సూది ఇంటికి తెచ్చాను.

ఆగస్టు 5

ఎలా చెప్పాలో తెలియక ఇలా చేశాను. కిటికీ మలుపు పట్టాలు ఎత్తి, నీలం గీత మీద సూది పెట్టి, అలాగే వదిలేసి నడకకి వెళ్ళాను. ఇవాళ నడక చాలా పొడుగు సాగింది. ఇంటివైపు తిరగడానికి ధైర్యం చాల్లేదు.

వచ్చేసరికి ఆవిడ టేబులు ముందు కూర్చుని ఉంది. సూది చీర కొంగుకి గుచ్చుకుంది.

"పన్నెండేళ్ళు! ఇల్లంతా చీపురుతో గాలించాను. చెత్తబుట్ట బోర్లించాను. పక్కింటావిడని అనుమానించి రెండేళ్ళు మాట్లాడలేదు. మీరు పక్కనే కూర్చుని పేపరు చదువుకున్నారు!"

"మరి నువ్వో? రెండు నెలలు గుమ్మడికాయ తరిగావు."

కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. తర్వాత నేనే అడిగాను.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"కప్పు సాసరు మీద టకటకలాడితే నాకు వినపడదా? సాసరు ఎందుకు మానేశాననుకున్నారు? టీ సగమే ఎందుకు పోస్తున్నాననుకున్నారు?"

"పిసినారివనుకున్నాను."

"అనుకుంటారు, అనుకుంటారు" అని నా కుడిచెయ్యి లాక్కుని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. అది కాసేపు వణికింది. ఆవిడ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. "మీరు దుకాణానికి వెళ్తానన్న రోజు నా గుండె జారిపోయిందండీ. మిమ్మల్ని సంతోషపెట్టబోయి నేనే గోతిలో తోశానేమోనని. చెప్దామంటే నోరు రాలేదు."

"నాకూ రాలేదు" అన్నాను. "భయమేసింది."

నలభై ఏళ్ళలో ఆవిడతో ఆ మాట అనడం ఇదే మొదటిసారి. అన్నాక పెద్దగా ఏమీ అవలేదు. టీ పెట్టింది. నిండుగా పోసింది. ఒలికింది. తుడిచింది.

ఆగస్టు 18

ఎల్లుండి సభ. మాస్టారు కొత్త పళ్ళతో ముందు మా ఇంటికే వచ్చారు. కోడలు వెనకాలే వచ్చింది, గోళ్ళు కొరుక్కుంటూ. మనవరాలు ముందు జాగ్రత్తగా చెవులు మూసుకుంది.

"సిగ్నలు ఇస్తాను, రైలు వదలండి" అన్నారు మాస్టారు.

మీట మీద నా చెయ్యి. మాస్టారు పెదాలు తడుపుకున్నారు, ఊపిరి పీల్చారు. కోడలు కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఈల వచ్చింది! సన్నగా, పొడుగ్గా, ఒక్క బుస్సు లేకుండా, గోడలు దాటి వీధిలోకి పోయింది. వీధిలో ఎవరో సైకిలు ఆపారు కూడా. మనవరాలు చెవులు వదిలేసి "ఇంకోసారి!" అంది.

నేను మీట తిప్పాను. చెయ్యి వణికింది, ఇంజను కూడా ఓసారి ఉలిక్కిపడింది. "పెద్ద రైళ్ళూ అలాగే బయల్దేరతాయి" అన్నారు మాస్టారు. కిటికీ మలుపు తిరిగింది, చిగుళ్ళ కొండలో దూరింది, బయటికొచ్చింది. కోడలు ఒకపక్క ఏడుస్తూ మరోపక్క నవ్వుతోంది. "సందు సరిపోయింది మావయ్యా" అంది. "సందు మీ అత్తయ్యది" అన్నాను.

సెప్టెంబరు 1

దుకాణానికి వెళ్ళాను. తాళం నా దగ్గర లేదు కదా, తలుపు కొట్టి లోపలికెళ్ళాను. పక్క కుర్చీలో కూర్చున్నాను, అడిగినవాటికి జవాబు చెప్పాను, అడగనివాటికీ చెప్పాను. మధ్యాహ్నానికి ఆ పిల్ల "మావయ్యా, మీ రైలు ఎదురుచూస్తుంటుంది" అని మర్యాదగా తరిమేసింది.

రేపటి నుంచి వంతెన. పదహారు స్తంభాలు నిలబెట్టాలి. ఇద్దరం కలిసి చేద్దామే అంటే ఆవిడ ఒప్పుకోలేదు. "మీరు పక్కనుంటే ఊరికే సలహాలిస్తారు, నాకు పని సాగదు" అంది. అందుకని ఒక ఏర్పాటుకొచ్చాం. పొద్దున్నే ముందు నేను నిలబెడతాను. వంకరగానే వస్తాయి. తర్వాత నడకకి వెళ్తాను.